“నేనెక్కడి దాన్ని బిడ్డా?”

వృద్ధాప్య పింఛనును గురించి రాజధానిలో కూర్చుని రాయడం తేలిక. అంకెలన్నీ మంత్రిత్వశాఖ వారి నివేదికలలోనే దొరుకుతాయి. ఆ అంకెలలో చోటు దొరకని మనుషులను చూడాలంటే మాత్రం రాజధాని విడిచి పోవలసిందే. అందుచేత ఈ వారం తపతీ తీరాన గల సూరత్ నగరం నుండి రాస్తున్నాను.

లింబాయత్ ప్రాంతంలో అడుగు పెట్టగానే సిరిసిల్లలోని ఏ పద్మశాలి వాడకో వచ్చామన్న భ్రాంతి కలుగుతుంది. చేతిమగ్గం చితికిపోయిన కొద్దీ తెలంగాణా జిల్లాల నేతగాళ్ళు దశాబ్దాల తరబడి ఇక్కడి సాంచాల మీదికి వలస వచ్చారు. నాడు భర్తల వెంట వచ్చిన కోడళ్ళు నేడు అవ్వలు. 1994లో ప్లేగు భయంతో లక్షలాది జనం ఈ నగరం విడిచి పారిపోయారు. 2020లో కరోనా వచ్చి సాంచాలు ఆగిపోయాయి. రెండు పర్యాయాలూ వెళ్ళినవారిలో ఎందరో తిరిగి ఇక్కడికే వచ్చారు. స్వగ్రామంలో వారికి మిగిలినది పేరు మాత్రమే.

ఒక గుమ్మంలో డెబ్బయి ఏళ్ళు దాటిన అవ్వ, దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు పెట్టుకుని, చీరకు మెరుపురాళ్ళు అతికిస్తున్నది. చీర లెక్కన కూలి. ఇటువంటి ఇంటి పనివారి రక్షణకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికను ఆమోదించింది. భారత ప్రభుత్వం దానిని ధ్రువీకరించలేదు. “పింఛను రాదా అవ్వా?” అని అడిగాను.

“ఊరికి పోతే, సూరత్‌ల ఉంటవు గదా అంటరు. ఈడ అడిగితే, నీ కార్డు ఊర్ల ఉన్నది గదా అంటరు. నేనెక్కడి దాన్ని బిడ్డా?”

ఈ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయింది. తెలంగాణాలో ఆసరా పింఛనును 2019లో 2,016 రూపాయలకు పెంచారు. చేనేత కార్మికులకైతే 50 ఏళ్ళకే అర్హత. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను 2024లో 4,000 రూపాయలైనది. గుజరాతు ప్రభుత్వం సైతం 2019లో వితంతు పింఛనును 1,250 రూపాయలు చేసి, ‘గంగా స్వరూప’ అని నామకరణం చేసింది. మన పాత ఉత్తరాలలోని ‘గంగాభాగీరథీ సమానురాలు’ వంటి గౌరవవాచకమే అది. పేరుకన్న మేలైన పని మరొకటి జరిగింది. కొడుకుకు 21 ఏళ్ళు నిండగానే తల్లి పింఛను నిలిపివేసే నిబంధనను ఎత్తివేశారు. కొడుకు చేతికందితే తల్లికి కడుపు నిండుతుందని పాలకులు ఊహించుకున్నారు. ఆ ఊహలో నిజమెంతో ప్రతి వాడకూ తెలుసు. 2007 నాటి చట్టం క్రింద కొడుకు నుండి నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి కోరవచ్చు. కాని కన్న కొడుకు మీద ఫిర్యాదు చేయడానికి ఏ తల్లికి చేయి వస్తుంది?

ఈ నగరపాలక సంస్థ తెలుగు పిల్లలకు తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నది. అది ప్రశంసనీయం. అయితే మనుమడు తెలుగులో పాఠం చదువుకుంటున్న చోటనే అవ్వ చేతికి వచ్చే దరఖాస్తు గుజరాతీలో ఉంటుంది.

ఇక కేంద్రం సంగతి. 1995లో 75 రూపాయలతో ఆరంభమైన వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 2006లో 200 అయింది. ఎనభై ఏళ్ళు నిండినవారికి 500 ఇస్తున్నా, ఆ లోపు వయస్సు వారికి నేటికీ ఆ 200 మాత్రమే. అంటే రోజుకు ఏడు రూపాయలైనా లేదు. దీనిని 500 చేయవలసిందని జీన్ డ్రెజ్ ప్రభృతులైన 60 మంది ఆర్థికవేత్తలు 2017 డిసెంబరులో ఆర్థికమంత్రికి లేఖ రాశారు. ఫలితం శూన్యం.

అంతర్జాతీయ వేదికల మీద మాటలకు కొదవ లేదు. వృద్ధుల సమస్యలపై 1982లో వియన్నాలో, 2002లో మాడ్రిడ్‌లో ప్రపంచ మహాసభలు జరిగాయి. స్త్రీల పట్ల వివక్షను నిషేధించే ఒడంబడికను భారతదేశం 1993లో ధ్రువీకరించింది. ఆ ఒడంబడిక అమలును పరిశీలించే ఐక్యరాజ్యసమితి సంఘం 2010లో వృద్ధ స్త్రీల హక్కులపై ప్రత్యేక సిఫార్సు చేసింది. వృద్ధుల హక్కులకు ఒక అంతర్జాతీయ ఒడంబడికను రచించాలని 2025 ఏప్రిల్‌లో జెనీవాలోని మానవ హక్కుల మండలి తీర్మానించింది. జెనీవాలో ముసాయిదా సిద్ధమయ్యే లోపల సూరత్‌లోని అవ్వకు దారి చూపలేమా?

దారి ఉన్నది. 2019లో మొదలైన ‘ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు’ 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. సిరిసిల్ల కార్డు మీద సూరత్‌లో బియ్యం ఇవ్వగలిగిన ప్రభుత్వం పింఛనును మాత్రం ఎందుకు ఇవ్వలేదు? కేంద్రం తన వాటాను పెంచి, అవ్వ ఎక్కడ ఉంటే అక్కడ ఆమె చేతికి అందజేయాలి. రాష్ట్రాల వాటా లెక్కలు రాష్ట్రాలు తమలో తాము తేల్చుకోవచ్చు. అందుకు ఆమెను రెండు కార్యాలయాల నడుమ తిప్పనక్కరలేదు.

లోక్‌సభలో మన రెండు రాష్ట్రాల సభ్యులు 42 మంది. ఈ అవ్వలకు ఓటు ఎక్కడ ఉన్నదో విచారించడానికి ముందు, వారిలో ఒక్కరైనా లేచి ఆమె ప్రశ్నను ఆమె మాటలలోనే సభలో అడుగుతారని ఆశిద్దాం.