ఫోను ద్వారా వైద్యము: ఎంతవరకు నమ్మవచ్చును?

సూరత్ నగరమున వస్త్ర పరిశ్రమను ఆశ్రయించి జీవించు తెలుగువారు వేలకొలది కలరు. తెలంగాణ పల్లెలనుండి వలసపోయిన నేతపనివారి కుటుంబములు వీరిలో అధికము. మరమగ్గమునొద్ద పండ్రెండు గంటలు నిలిచి పనిచేయువానికి ఆసుపత్రికి పోవుటయన్న ఒకనాటి కూలిని వదలుకొనుటయే. గుజరాతీ భాష రాని ఇల్లాలికి తన బాధను వైద్యునకు చెప్పుకొనుట మరియొక కష్టము. ఇట్టివారికి చేతిలోని ఫోను నేడు గొప్ప సహాయము చేయుచున్నది. కాని దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ప్రతివారును తెలిసికొనవలెను.

ఫోను చేయు మేలు

భారత ప్రభుత్వము 2019లో ఆరంభించిన ఈ-సంజీవని సేవ ద్వారా, 2020 ఏప్రిల్ నుండి ప్రజలు ఇంటియొద్దనే యుండి వైద్యునితో ఉచితముగా మాట్లాడగలుగుచున్నారు. మందుల చీటీ ఫోనునకే వచ్చును. మనోవ్యథకు లోనైనవారికి 2022లో టెలి-మానస్ అను సేవ ఏర్పడినది. దాని సంఖ్య 14416. సామాన్యమైన జలుబునకు, పాత మందును కొనసాగించుటకు, పరీక్షల ఫలితమును వైద్యునకు తెలుపుటకు ఇట్టి సేవలు చాలును.

ఫోను చేయలేని పని

ఫోనులో వైద్యుడు రోగి మాట వినగలడు, ముఖము చూడగలడు. కడుపు నొక్కి చూడలేడు, గుండె చప్పుడు వినలేడు. 2020 మార్చిలో వెలువడిన టెలీవైద్య నియమములు మాదకద్రవ్యముల చట్టమునకు లోబడిన మందులను ఫోను ద్వారా వ్రాయరాదని నిషేధించినవి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకుండుట, స్పృహ తప్పుట, మూర్ఛ, గర్భిణికి రక్తస్రావము కలిగినప్పుడు ఫోనులో సలహాకై వేచియుండరాదు. వెంటనే 108కి కబురుచేసి ఆసుపత్రికి చేరవలెను.

ఇంటనుండు పరికరములును పొరపడవచ్చును. వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు ఆక్సీమీటరు, వ్రేళ్లు చల్లబడియున్నను, గోళ్లకు రంగు పూసియున్నను తప్పు చూపవచ్చును. చామనచాయ వారిలో ఉన్నదానికంటె ఎక్కువ చూపుటయు కలదు. అంకె బాగున్నను రోగి ఆయాసపడుచున్నచో అంకెను గాక రోగిని నమ్మవలెను.

సూరత్ నేర్పిన పాఠములు

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అను వార్త పుట్టగానే లక్షలాది జనులు కొలది దినములలో నగరమును విడిచిపోయిరి. ప్లేగు సకాలమున మందు వాడినచో నయమగు వ్యాధియే. చేతిఫోనులు లేని ఆ దినములలోనే భయము అంత వేగముగా వ్యాపించినది. నేడు వదంతికి నిమిషము చాలును. తుదకు నగరమునకు మేలు చేసినది 1995 నుండి కమిషనరు ఎస్.ఆర్. రావు గారి నాయకత్వమున వీధివీధిని సాగిన పారిశుద్ధ్య కార్యము.

2006 ఆగస్టులో తపతీనది పొంగి నగరములో అధికభాగమును ముంచినది. విద్యుత్తు నిలిచిపోయినది, ఫోనులు మూగవోయినవి. అట్టి దినమున ఫోనులో మాత్రమే దాచిన సమాచారము ఎవరికిని అక్కరకు రాదు. కావున మీరు వాడు మందుల పేర్లు, రక్తవర్గము, సమీపపు ఆసుపత్రి సంఖ్య, బంధువుల సంఖ్యలు ఒక కాగితముపై వ్రాసి, తడియని సంచిలో ఉంచుకొనుడు.

మోసములనుండి రక్షణ

ఆయుష్మాన్ కార్డు ఉచితము. దానికై సొమ్ము అడుగువారిని నమ్మవలదు. ఫోనునకు వచ్చు ఓటీపీని ఎంత మర్యాదగా అడిగినను ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, ఆలస్యము చేయక, 1930 సంఖ్యకు తెలుపుడు. ఎంత త్వరగా తెలిపిన సొమ్మును నిలుపుటకు అంత అవకాశము కలదు.

ఫోను వైద్యుని మన చెంతకు తెచ్చు దారియేగాని వైద్యుడు కాదు. ఆ దారి ఎచ్చట ముగియునో ఎరిగి, అచ్చటినుండి కాలినడకననైనను ఆసుపత్రికి చేరువాడే దానివలన నిజముగా లాభము పొందును.