తపాలా బండ్లు: పాతవి, క్రొత్తవి



మన పాకాల జంక్షనులో ధర్మవరము మార్గము చీలును. నా బాల్యమున మీటరుగేజి రైళ్లు తెచ్చిన తపాలా సంచులను చూచుటకై పిల్లలము ప్లాట్‌ఫారము చేరెడివారము. అంతకు చాల పూర్వము రన్నరు సంచి భుజమున వైచుకొని, గజ్జెలు కట్టిన బల్లెమును చేతబట్టి పరుగిడెడివాడు. ఆ సవ్వడి జనులు దారి తొలగుటకును, మృగములు బెదరుటకును.

ఇక అమెరికా బండ్ల సంగతి విన్నవించెదను. 1987 మొదలు 1994 వరకు గ్రమ్మన్ సంస్థ నిర్మించిన అల్యూమినియపు బండ్లు అనేకము ఇంకను అచ్చట తిరుగుచున్నవి. ఆ దేశమున వాహనములు బాటకు కుడివైపున నడచును. కావున కార్లలో చోదకుని పీఠము ఎడమప్రక్క నుండును. తపాలా బండిలో మాత్రము కుడిప్రక్కనే! దిగకయే చేయి చాచి బాట అంచుననున్న పెట్టెలో జాబు వేయవచ్చును. ఉపాయము మెచ్చదగినదే. కాని శీతలయంత్రము లేదు. మే నెల మధ్యాహ్నము రేకుల కొట్టములో కూర్చున్నవారికి ఆ చోదకుని పాట్లు వేరుగ చెప్పనక్కరలేదు.

2021లో ఆష్‌కాష్ సంస్థకు క్రొత్త బండ్ల పని ఒప్పగింపబడెను. 2024లో అవి వీథికెక్కినవి. బాతువలె నున్నవని జనులు నవ్విరి. ముందుభాగము పొట్టి, అద్దము మిక్కిలి పెద్ద. ఆ వికారములోనే మర్మమున్నది: ఎదుట నడచు పసిబాలుడు సైతము చోదకునకు కనబడును. లోపల మనిషి నిటారుగ నిలిచి మూటలు తీయవచ్చును, చల్లదనమును కలదు. నేను ఆ బాతుబండి పక్షమే.

మొన్న మా వీథి తపాలా జవాను సైకిలు దిగి, మజ్జిగ త్రాగుచు ఆ బొమ్మను చూచెను. "అయ్యవారూ, ఇందులో ఫ్యానున్నదా?" అని ముందుగా నడిగెను.