పులుల రక్షణమును, చెంచుల హక్కును



విశాఖపట్టణము కేంద్రముగా 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యమునుండియే గాక, దూరమందలి నల్లమలనుండియు తేనెను, తపసి జిగురును కొనుచు వచ్చినది. నల్లమలలో ఆ సరకు సేకరించువారు చెంచులు. వారి యడవిలో పెద్దభాగము 1983లో పులుల రక్షణ క్షేత్రమాయెను.

పులిని కాపాడుట మంచిదే. పులి నిలిచిన యడవి నిలుచును. అడవి నిలిచిన వాగులలో నీరు నిలుచును. కాని వేటయు, దుంపలును, తేనెయు జీవనమైనవారికి, అడవిలో నడుగిడుటకే అనుమతి కావలసివచ్చినచో బ్రతుకెట్లు?

ఇందులకే 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చినది. 13-12-2005 నాటికి గిరిజనుల స్వాధీనమందుండి సాగగుచున్న అటవీభూమిపై, 4 హెక్టారులకు, అనగా సుమారు 10 ఎకరములకు మించకుండ, హక్కు నిచ్చును. తేనె, జిగురు, చింతపండు మొదలగువాని సేకరించి యమ్ముకొను హక్కును గలదు. వేటకు మాత్రము హక్కు లేదు.

పులుల తావునుండి జనులను తరలింపవలెనన్నను, ముందుగా వారి హక్కులను నిర్ణయింపవలెను, మనుష్యులును మృగములును కలిసియుండుట సాధ్యము కాదని తేల్చవలెను, పునరావాసము సిద్ధపరుపవలెను, గ్రామసభ స్వేచ్ఛగా, వ్రాతమూలముగా సమ్మతింపవలెను.

కొలత గాక, పట్టా రాక, వెల తేలక మన చేనిని పరులకు వ్రాసియిత్తుమా? చెంచుల యడవియు నట్టిదే. కావున మన్యపు సభ్యులు ఏ తీర్మానమునైనను పూర్తిగా చదివించుకొని వినక, దానిపై వ్రేలిముద్ర వేయరాదు.