మధుమేహం - చిగుళ్ళ వ్యాధి: ఉద్దానం యువత గమనించవలసిన విషయాలు

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెద్దలు మాటతీరును గురించి అన్నారు. మధుమేహ వ్యాధిగ్రస్తుల విషయంలో ఈ సామెతకు మరొక అర్థం కూడ చెప్పుకోవచ్చు. చిగుళ్ళు చెడితే రక్తంలోని చక్కెర అదుపు తప్పుతుంది. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు మరింత చెడతాయి. పలాస, టెక్కలి ప్రాంతాలలోను, ఉద్దానం తీర గ్రామాలలోను నివసించే యువతీయువకులు ఈ సంగతిని మరింత శ్రద్ధగా తెలుసుకోవాలి. అక్కడ దీనితో మూత్రపిండాల క్షేమం కూడ ముడిపడి ఉన్నది.

రెండు వ్యాధులకు గల సంబంధం

పళ్ళ మొదళ్ళలో చేరిన పాచి క్రమంగా గట్టిపడి గారగా మారుతుంది. పాచిలోని సూక్ష్మక్రిముల వల్ల చిగుళ్ళు వాచి, పళ్ళు తోముకొనేటప్పుడు రక్తం వస్తుంది. ఈ దశలో జాగ్రత్తపడితే వ్యాధి పూర్తిగా నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, పళ్ళు కదులుతాయి. చాలాకాలం నొప్పి ఉండకపోవడం వల్ల రోగి దీనిని గుర్తించడు.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు తెల్ల రక్తకణాల శక్తి తగ్గుతుంది. లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. పుండ్లు త్వరగా మానవు. ఇవన్నీ సూక్ష్మక్రిములకు అనుకూలమైన పరిస్థితులే. మరోవైపు, చిగుళ్ళ వాపు నుండి పుట్టే పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి.

ఇది వృద్ధుల సమస్య మాత్రమే అనుకోరాదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 6 నుండి 18 ఏళ్ళ పిల్లలను పరీక్షించి, మధుమేహం ఉన్న పిల్లలలో చిగుళ్ళు ఎక్కువగా దెబ్బతిన్నట్లు 2006లో ప్రకటించారు. చిగుళ్ళకు చికిత్స జరిగిన పెద్దలలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బిఏ1సి సగటున 0.4 మేరకు తగ్గినట్లు 2022లో వెలువడిన ఒక సమీక్ష తెలిపింది. అంటే 8.4 ఉన్నది 8.0కు వచ్చినట్లు.

ఆయుర్వేదం చెప్పినది

సుశ్రుతుడు ప్రమేహం రాబోయే ముందు కనిపించే లక్షణాలలో దంతాలు, నాలుక, అంగిలి, గొంతులలో మలం చేరడాన్ని పేర్కొన్నాడు. చిగుళ్ళు మెత్తబడి, దుర్గంధంతో రక్తం స్రవించే వ్యాధిని "శీతాదం" అన్నాడు.

ఉద్దానంలో అదనపు జాగ్రత్త

ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు లేనివారికి సైతం మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. దీనికి కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనాయి. మధుమేహం స్వతహాగా మూత్రపిండాలకు శత్రువు. ఇటువంటి చోట చిగురు వాచిందని దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కొని మింగడం మూత్రపిండాలకు మూడవ దెబ్బ అవుతుంది. మాత్ర నొప్పిని అణచివేస్తుంది గాని గారను తొలగించదు. పంటి నొప్పికి జీడిపిక్కల తొక్క నూనె రాయడం కూడ ప్రమాదమే. అది నోటిని కాలుస్తుంది.

గృహ చికిత్సలు

1. త్రిఫల చూర్ణం ఒక చెంచా, రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు మరిగించి వడగట్టవలెను. గోరువెచ్చగా ఉదయం, రాత్రి పుక్కిలించవలెను.

2. గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి పుక్కిలించి ఉమ్మివేయవలెను. మింగరాదు.

3. లేత వేపపుల్ల కొనను బాగా నమిలి, కుంచెవలె మెత్తబడిన తరువాతనే తోముకొనవలెను. చిగుళ్ళను గీరరాదు. బొగ్గుపొడి, ఇటుకపొడి వాడరాదు.

4. చుట్ట, గుట్కా పూర్తిగా మానవలెను. పొగాకు చిగుళ్ళకు రక్తప్రసారాన్ని తగ్గించి, రక్తస్రావాన్ని కనబడనీయదు; వ్యాధి లోలోపల ముదురుతుంది.

ఇవి శుభ్రతకు, వాపు తగ్గడానికి తోడ్పడతాయి గాని గట్టిపడిన గారను కరిగించలేవు. దానిని దంతవైద్యునిచేత తీయించుకోవాలి. మీకు మధుమేహం ఉన్నదని, మూత్రపిండ వ్యాధి ఉంటే అది కూడ, వైద్యునికి ముందుగానే చెప్పాలి. ఇన్సులిన్‌ను గాని, మాత్రలను గాని స్వయంగా మానరాదు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులు భస్మాలు, రసౌషధాలు వైద్యుని సలహా లేకుండా సేవించరాదు.

మధుమేహం ఉన్న యువకులు మూడు నెలలకు ఒకసారి హెచ్‌బిఏ1సి, ఆరు నెలలకు ఒకసారి చిగుళ్ళు, ఏడాదికి ఒకసారి సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. మధుమేహం లేదనుకొనేవారికి సైతం పళ్ళు శుభ్రంగా తోముకుంటున్నప్పటికీ చిగుళ్ళ నుండి తరచుగా రక్తం వస్తూ ఉంటే, నొప్పి మాత్రకు బదులు ముందుగా చక్కెర పరీక్ష చేయించుకోవాలి.