మొక్కకు ఎంత వెలుగు, మీటరుకు ఎన్ని యూనిట్లు?

✦ ఇరవై వాట్ల ఎల్‌ఈడీ గ్రో లైటును రోజుకు 12 గంటలు వెలిగిస్తే నెలకు కాలేది 7.2 యూనిట్లు. నాలుగు లైట్లు పెట్టుకున్నా 29 యూనిట్లు దాటదు. పడకగది ఏసీ మూడు నాలుగు రాత్రుల్లో సుమారుగా అంత కరెంటు తీసుకుంటుంది. అంకె చిన్నదే. కానీ అది మన బిల్లులో ఏ శ్లాబు అంచున వచ్చి చేరుతుందో చూసుకోవాలి.

✦ తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్‌నే తీసుకోండి. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80 చొప్పున ఎనర్జీ ఛార్జీ రూ.820. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. మొత్తం 200 యూనిట్లకూ రూ.5.10, ఆ పైదానికి రూ.7.70. వెరసి రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్టు ఖరీదు రెండు వందల ఏడు రూపాయల పైచిలుకు!

గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు అందుకునే కుటుంబాలకు ఈ గీత ఇంకా ముఖ్యం. నెలకు 195 యూనిట్ల దగ్గర ఆగే ఇంట్లో ఒక్క గ్రో లైటు 12 గంటలు వెలిగితే లెక్క 202 దాటి, బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది. అదే లైటును ఎనిమిది గంటలకు కుదిస్తే అయ్యేది 4.8 యూనిట్లే. గీత దాటదు. మరి మొక్కకు వెలుగు తగ్గదా అంటారా? ఆ దారి కింద చెబుతాను.

✦ ఆంధ్రప్రదేశ్‌లో ఈ చిక్కు లేదు. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి టెలిస్కోపిక్ పద్ధతి వచ్చింది. శ్లాబు దాటినా వెనకటి యూనిట్ల ధర మారదు. 126 నుంచి 225 దాకా యూనిట్టుకు రూ.6, ఆ తర్వాత 400 దాకా రూ.8.75. అంటే అదే గ్రో లైటు ఒక ఇంట్లో నెలకు 43 రూపాయలు, మరో ఇంట్లో 63. సర్దుబాటు ఛార్జీలు వేరు.

✦ లైటును దగ్గరికి జరపడానికి కరెంటు ఖర్చు లేదు. విడి బల్బును మొక్కకు 60 సెంటీమీటర్ల దూరం నుంచి 30కి దించితే ఆకుల మీద పడే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బుతో ఇలా చేస్తే ఆకు మాడేది. ఎల్‌ఈడీతో ఆ భయం చాలా తక్కువ. గంటలు తగ్గించాలనుకునేవారు ముందు చేయాల్సిన పని ఇదే.

✦ హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుతోంది కదా, మొక్కకు చాలదా? మామూలుగా రాత్రిళ్ళు మన గదుల్లో ఉండే వెలుగు, కంటి లెక్కలో, వంద నుంచి మూడొందల లక్స్. తెల్ల ఎల్‌ఈడీ లక్స్‌ను సుమారు 70తో భాగిస్తే మొక్క లెక్క వస్తుంది. దాన్ని మైక్రోమోల్స్‌లో చెబుతారు. మూడొందల లక్స్ అంటే నాలుగు మైక్రోమోల్స్. నడినెత్తిన ఎండ సుమారు 2,000. మన కన్ను వెంటనే సర్దుకుంటుంది కాబట్టి గది వెలుగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, మొక్క మాత్రం పస్తుంటుంది. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని కుండీ దగ్గర ఒకసారి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

✦ పెట్టె మీద ‘1000 వాట్స్’ అని ఉన్న గ్రో లైటు నిజానికి వంద వాట్లు మాత్రమే తీసుకోవచ్చు. ఆ పెద్ద అంకె పోలిక కోసం వేసింది. బిల్లుకు పనికొచ్చేది గోడ సాకెట్టు నుంచి తీసుకునే వాట్లు మాత్రమే. చిన్న అక్షరాల్లో అదీ రాసి ఉంటుంది, వెతకండి.

✦ ఇక గంటల సంగతి. అమెరికాలో ‘మేరీలాండ్ మముత్’ అనే పొగాకు రకం వేసవంతా ఏపుగా పెరిగేది తప్ప పూసేది కాదు. 1918 వేసవిలో గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి మొక్కల కుండీలను సాయంత్రం నాలుగింటికే చీకటి కొట్టంలోకి చేర్చి, పగటి పొడవు తగ్గించి చూశారు. మొక్కలు పూశాయి! 1920లో వారు ఆ ఫలితాలు అచ్చువేశాక, మొక్క రోజు పొడవును కొలుస్తుందని లోకానికి తెలిసింది.

నిజానికి అది కొలిచేది పగటిని కాదు, రాత్రిని. 1938లో హామ్నర్, బోనర్ అనే శాస్త్రవేత్తలు ఆ సంగతి తేల్చారు. వారు ప్రయోగానికి ఎంచుకున్నది మన బీళ్ళలో, రోడ్ల పక్కన బట్టలకు ముళ్ళకాయలు అంటించే మరులమాతంగి జాతి మొక్క. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, అది పూత మానేసింది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది ఇదే.

✦ ఆ సూత్రంతోనే బెంగళూరు, చిక్కబళ్ళాపుర పరిసరాల్లో చామంతి రైతులు రాత్రిళ్ళు తోటల్లో బల్బుల వరుసలు వెలిగిస్తారు. రాత్రిని విరిచి, తొందరపడి మొగ్గ తొడగకుండా ఆపి, కాడలు పొడవుగా ఎదిగాక లైట్లు ఆర్పేస్తారు. అప్పుడు పూత మొదలవుతుంది.

ఇందులో కరెంటు ఆదా చేసే మెలకువ ఒకటుంది. నాలుగు గంటలు ఏకబిగిన వెలిగించనక్కర్లేదు. ప్రతి అరగంటలో ఆరు నిమిషాలు వేసి, ఇరవై నాలుగు నిమిషాలు ఆర్పినా చామంతి దాన్ని వెలుగు రాత్రిగానే లెక్కవేస్తుంది. అయిదింట నాలుగు వంతుల కరెంటు మిగులుతుంది. ఎదుగుదలకు కావలసిన వెలుగు వేరు, కబురు చెప్పే వెలుగు వేరు. కబురుకు కొంచెం చాలు.

✦ డ్రాగన్ ఫ్రూట్‌ది తిరగేసిన కథ. రాత్రిని విరిస్తే అది పూస్తుంది. వియత్నాంలోని బిన్ థువాన్‌లో చలికాలం పూతకు తోటలన్నీ రాత్రిళ్ళు వెలుగుతాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ కొందరు రైతులు ఈ పద్ధతి పట్టారు.

✦ ఇరవై నాలుగు గంటలూ లైటు వేస్తే మొక్క రెట్టింపు పెరుగుతుందనుకోవద్దు. టమాటాకు రాత్రే లేకుండా చేస్తే ఆకులు పాలిపోయి మచ్చలు పడతాయి. దాన్ని తట్టుకునే జన్యువు అడవి టమాటాల్లో ఉందని డచ్చి శాస్త్రవేత్తలు 2014లో చూపించారు. మన కుండీల్లో ఉండేవి అడవివి కావు.

✦ గోధుమ, శనగ మాత్రం ఓర్చుకుంటాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ బృందం రోజుకు 22 గంటల వెలుగుతో ఏడాదిలో ఆరు తరాల దాకా తీయవచ్చని 2018లో ప్రకటించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వెలుగునూ ఉష్ణోగ్రతనూ అదుపు చేసే ఇలాంటి పద్ధతినే కందికి తెచ్చి, కొత్త రకం తయారీకి పట్టే పదమూడేళ్ళను అయిదేళ్ళకు దించే దారి 2024లో చూపింది. ఆ కరెంటు ఖర్చుకు వంక పెట్టలేం.

✦ గదుల్లో లైట్ల కింద వ్యాపారంగా ఆకుకూరలు పెంచడం వేరే లెక్క. ఎండ ఊరికే ఇచ్చేదాన్ని కరెంటు పెట్టి కొనుక్కోవాలి. అమెరికాలో నిలువు సేద్యానికి పేరుమోసిన ఏరోఫామ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. బవరీ అనే మరో కంపెనీ 2024 నవంబరులో మూతపడింది. వాటి భారాల్లో కరెంటు ఒకటి.

✦ టైమర్ ప్లగ్ కొనేవారికో మాట. గుండ్రంగా తిరిగే మెకానికల్ టైమర్ చవకే కానీ, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. రెండు గంటల కోత పడితే మొక్కకు తెల్లవారడం రెండు గంటలు ఆలస్యమవుతుంది. కోతలున్న ఊళ్ళో బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే మేలు.

✦ నర్సరీలో పూలతో తెచ్చిన కలంచో ఆ తర్వాత మళ్ళీ పూయలేదా? రాత్రి పదకొండు దాకా వెలిగే హాలు లైటే కారణం కావచ్చు. మొగ్గ తొడగాలంటే దానికి ఆరు వారాల పాటు రోజూ పద్నాలుగు గంటల గట్టి చీకటి కావాలి. సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి, ఉదయం ఎనిమిదింటికి తీసి ఎండ తగిలే కిటికీలో పెట్టండి. దీనికి ఒక్క యూనిట్టూ కాలదు. ఈ చలికాలమే మొదలుపెట్టండి.