నవ్వు ముఖం ఎవరి లెక్కలోకి?

కాగితం మీద నాలుగు ముఖాలు. మొదటిది పకపకా నవ్వుతోంది, చివరిది మూతి ముడుచుకుంది. బడిలో సంగీతమన్నా, బొమ్మలు వేయడమన్నా ఎంత ఇష్టమో చెప్పడానికి ఎనిమిదేళ్ల పిల్లాడు వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి.

ఒటాగో విశ్వవిద్యాలయం నడిపిన న్యూజిలాండ్ జాతీయ విద్యా పరిశీలన ప్రాజెక్టు 1995 నుంచి 2010 దాకా పిల్లల మనసు ఇలా తెలుసుకునేది. నాలుగో ఏడాది, ఎనిమిదో ఏడాది విద్యార్థుల్లో దాదాపు 3 శాతం మందిని ఎంచుకుని, ఎంత నేర్చారన్న దానితోపాటు ఎంత ఇష్టపడుతున్నారో కూడా రాసుకునేవారు. చిన్నవాళ్లలో ఉన్నంత ఉత్సాహం పెద్దవాళ్లలో ఉండదని చాలా సబ్జెక్టుల్లో తేలింది. ఆ తర్వాత ఫలితాలను యూరోపియన్ మూలాల పాకెహా, మూలవాసులైన మావోరి, పసిఫిక్ దీవుల పిల్లలంటూ విడదీసి చూసేవారు.

ఇలా విడదీయడం మంచిదే. చూడకపోతే ఏ పిల్లల మీద బడి చిన్నచూపు చూస్తోందో బయటపడదు. చిక్కల్లా గడులతోనే. నాన్న మావోరి, అమ్మ సమోవా మనిషి అయితే ఆ బిడ్డ ఎటు? ఒక పద్ధతిలో మావోరికి ప్రాధాన్యం కాబట్టి అక్కడే లెక్క, అమ్మ వైపు మాయం. ఇంకో పద్ధతిలో రెండు చోట్లా లెక్కే. పద్ధతి మారితే సగటూ మారవచ్చు. ‘ఆసియా’ గడి మరీ అన్యాయం. ఆక్లాండ్‌లో వారాంతాల్లో కూచిపూడి నేర్చుకునే తెలుగమ్మాయి, పియానో సాధన చేసే చైనా కుర్రాడు, ఏ క్లాసుకూ వెళ్లని మరో పిల్లాడు అందులో ఒక్కటైపోతారు.

అడిగే ప్రశ్నలోనూ లోటుంది. మావోరిల బృంద ప్రదర్శన కళ కపా హకానే తీసుకోండి. వరసలు కట్టి నిలబడతారు. ఆడపిల్లల చేతుల్లో తాడుకు కట్టిన పోయి బంతులు పాట లయకు గిరగిరా తిరుగుతుంటాయి. పాట, ఆట, భాష, పూర్వీకుల కథ అన్నీ ఒకేసారి నడుస్తాయి. దీన్ని సంగీతం కింద రాయాలా, నృత్యం కింద రాయాలా? సంగీతం పీరియడ్ నచ్చదన్న మావోరి పిల్లాడు సాయంత్రం కపా హకా బృందంలో గొంతెత్తి పాడుతుండవచ్చు. అందుకే బడిలో ఇష్టాన్ని, సొంత సమయంలో ఇష్టాన్ని విడివిడిగా అడగాల్సిందే. ఏ కళ, ఎవరితో, ఏ భాషలో అని కూడా అడగాలి.

ఇలాంటి కళలన్నీ ఒకచోట కనిపించేది పాలీఫెస్ట్‌లో. 1976లో ఆక్లాండ్‌లోని ఓటారా ప్రాంతంలో, హిల్లరీ కాలేజీలో మొదలైన అది ఇప్పుడు వేలమంది విద్యార్థుల పండగ. మావోరి, సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూ పేర్లతో వేదికలు వేరువేరుగా ఉంటాయి. భారతీయ నృత్యాలకు చోటిచ్చే మరో వేదికా ఉంది. బళ్లు నెలల తరబడి సాధన చేసి వస్తాయి. కళల పట్ల పిల్లల వైఖరి కొలవాలనుకునేవారు ముందు ఆ సాధనలు చూసి రావాలి, ప్రశ్నపత్రం ఆ తర్వాతే రాయాలి.