మీకు తెలుసా? లూపస్ జాడ మూత్రంలోనూ తెలుస్తుంది

లూపస్ వచ్చిన ప్రతి 10 మందిలో సుమారు 9 మంది ఆడవాళ్లే. మన రోగనిరోధక శక్తే మన ఒంటిపై దాడి చేసే జబ్బు ఇది. కొందరికి బుగ్గలూ ముక్కు పైభాగమూ ఎర్రగా కందిపోతాయి. ముక్కు పక్క మడతలు మాత్రం మామూలుగానే ఉంటాయి. కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, తగ్గని నీరసం కనిపిస్తే చాలామంది ‘రక్తం తక్కువైందిలే’ అని సరిపెట్టుకుంటారు. అసలు ముప్పు కిడ్నీలకు. నొప్పేమీ ఉండదు, మూత్రం నురగ కడుతుంది, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు. మామూలు మూత్ర పరీక్షలోనే ప్రొటీన్ పోతున్నట్టు తెలుస్తుంది, దయచేసి వాయిదా వేయకండి. లూపస్ ఉన్నవాళ్లకు పదేపదే గర్భస్రావం అవుతుంటే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. జబ్బు కనీసం 6 నెలలు అదుపులో ఉన్నాక గర్భం దాల్చడం మేలు. కడుపుతో ఉన్నామని, లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు సొంతంగా మానేయకూడదు.